రోజుకు రెండు గంటలు చాలు



పదిహేను రోజుల్లో పది దేశాలు చూపిస్తామనే టూరు ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. పొద్దున్న ఆరింటికల్లా పెట్టె గది బయట పెట్టాలి. ఏడింటికి టిఫిను, ఏడున్నరకు బస్సు. మధ్యాహ్నానికి ఒక ఊరు, సాయంత్రానికి ఇంకో దేశం. ముప్ఫై ఏళ్ళవాళ్ళకు అది సరదా. అరవై అయిదు దాటి, మోకాలు మొరాయిస్తూ, లేవగానే బీపీ మాత్ర వేసుకునే మనిషికి అది శిక్ష. జర్మనీలో ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రుల పరిస్థితీ ఇంచుమించు ఇంతే. పిల్లలకు సెలవు శని, ఆదివారాలే. ఆ రెండు రోజుల్లో పారిస్ చూపించేయాలన్న ప్రేమకొద్దీ పొద్దుగుంకేదాకా కారులో కూర్చోబెడతారు. పెద్దవాళ్ళు కాదనలేక కూర్చుంటారు. ఇంటికొచ్చాక ఏం చూశారంటే హైవే చూశామంటారు.

యూరప్‌లో అద్దె కారు తీసుకుని, పెద్దవాళ్ళు తమ వీలు ప్రకారం తిరగాలంటే ఎలా ఏర్పాటు చేసుకోవాలన్నదే ఇవాళ్టి ముచ్చట. కారు మన చేతిలో ఉంటే వచ్చే అసలు లాభం, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగగలగడం. ఆ లాభం దక్కాలంటే రోజు మొత్తంలో స్టీరింగు ముందు రెండు గంటలకు మించి ఉండకూడదు. బస మూడు నాలుగు చోట్లకు మించకూడదు. ఈ రెండు షరతులూ ముందు పెట్టుకుంటే మ్యాపు దానంతటదే చిన్నదైపోతుంది. రోమ్ పోతుంది, పారిస్ పోతుంది. పోనివ్వండి.

నన్నడిగితే ఈ తరహా ప్రయాణానికి రైన్ నదికి అటూ ఇటూ ఉన్న మూలను మించింది లేదు. జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ మూడూ కలిసేది అక్కడే. నదికి ఒక పక్క జర్మనీవాళ్ళ బ్లాక్ ఫారెస్ట్, ఇంకో పక్క ఫ్రాన్స్‌లోని అల్సాస్ ద్రాక్షతోటలు, తూర్పున కాన్‌స్టాన్స్ సరస్సు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నుంచి ఫ్రాన్స్‌లోని కోల్మార్‌కు 50 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళినంత దూరం లేదు. ఫ్రైబుర్గ్ నుంచి టిటిసే సరస్సుకు 30. అక్కడి నుంచి కాన్‌స్టాన్స్ సరస్సుకు సుమారు 100. పొద్దున్న తీరిగ్గా కాఫీ తాగి బయల్దేరినా మధ్యాహ్న భోజనానికి ఇంకో బసలో ఉంటారు.

ఇక దిగడం. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది. చాలామంది చేసే పని ఏమిటంటే, విమానాశ్రయంలోనే కారు తీసుకుని, రాత్రంతా నిద్రలేని కళ్ళతో సరాసరి ఆటోబాన్ ఎక్కేయడం. వేగానికి పరిమితి లేని భాగాలు ఇంకా మిగిలిన రోడ్డది. ఆ పని వద్దు. విమానాశ్రయాన్ని ఆనుకునే దూరప్రయాణపు రైళ్ళ స్టేషను ఉంది. అక్కడ ఎక్కితే రెండు గంటల పైచిలుకులో ఫ్రైబుర్గ్‌లో దిగుతారు. రెండు రాత్రులు అక్కడే ఉండండి. వేసవిలో వాళ్ళ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. ఒళ్ళు ఆ లెక్కకు అలవాటు పడ్డాకే కారు తీసుకోండి. ఒక్క సంగతి, ఊళ్ళలో ఉండే అద్దె కార్ల ఆఫీసులు ఆదివారం సాధారణంగా మూసే ఉంటాయి. దిగే రోజు చూసి టికెట్టు కొనుక్కోవాలి.

ఫ్రైబుర్గ్‌లో వీధుల పక్కన చిన్న చిన్న నీటి కాలువలు పారుతుంటాయి. పొరపాటున ఎవరైనా అందులో కాలు పెడితే ఆ ఊరివాళ్ళనే పెళ్ళాడతారని అక్కడ ఒక నానుడి. మన వయసులో పెళ్ళి భయం లేదు గాని చీలమండ భయం ఉంది. కిందకు చూసుకుని నడవండి.

కారు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మన రవాణా శాఖ ఆఫీసే ఇస్తుంది. దాని గడువు ఒక ఏడాది. అది ఒక్కటే చేతిలో ఉంటే చాలదు, అసలు లైసెన్సు కూడా చూపించాలి. 55 దాటినవాళ్ళకు మన దగ్గర లైసెన్సు ఐదేళ్ళకే ఇస్తారు కాబట్టి, తేదీ దాటిపోయిందేమో ముందు చూసుకోండి. కొన్ని దేశాల్లో కొన్ని కంపెనీలు 70 దాటినవాళ్ళకో, 75 దాటినవాళ్ళకో కారు ఇవ్వవు, ఇచ్చినా అదనంగా వసూలు చేస్తాయి. ఈ ముక్క వెబ్‌సైటులో ఎక్కడో అడుగున ఉంటుంది. డబ్బు కట్టకముందే ఉత్తరం రాసి అడగండి. అక్కడ గేర్ల బళ్ళే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలని ప్రత్యేకంగా చెప్పాలి, అద్దె కూడా ఎక్కువే. అయినా ఆటోమేటికే తీసుకోండి. కుడిచేత్తో గేరు వేయడం కొత్తగా నేర్చుకోవాల్సిన వయసు కాదిది. డిపాజిట్టుకు డ్రైవరు పేరున క్రెడిట్ కార్డు ఉండాలి, డెబిట్ కార్డుతో చాలాచోట్ల పని జరగదు. కొడుకు కార్డు, తండ్రి డ్రైవింగూ అంటే కౌంటరు దగ్గరే ఆగిపోతుంది. ఏయే దేశాల్లోకి తీసుకెళ్తారో ఆ ఒప్పందంలో రాయించండి.

చిన్నకారు చవకని దానికి ఆశపడకండి. సీటు ఎత్తుగా ఉన్నది అడగండి. కిందికి ఉన్న కారులోంచి రోజుకు ఎనిమిది పదిసార్లు దిగి ఎక్కితే మోకాళ్ళ బాధ ఏమిటో మూడోరోజు తెలుస్తుంది. ఇద్దరికీ రెండు మధ్యరకం పెట్టెలు చాలు, డిక్కీలో పట్టాలి. వెనక సీటు మీద పెట్టె కనబడుతుంటే అద్దం పగిలే ప్రమాదం ఎక్కడైనా ఉన్నదే.

అక్కడ స్టీరింగు ఎడమవైపు, నడిచేది కుడిపక్కన. అందరూ ఎదుటి వాహనాలకు భయపడతారు గాని, రద్దీలో పొరపాటు జరగదు. ముందున్నవాళ్ళ వెనక పోతాం. ఖాళీగా ఉన్న పల్లె రోడ్డు మీదకో, పెట్రోలు బంకులోంచి బయటికో వచ్చేటప్పుడే చెయ్యి అలవాటు చొప్పున ఎడమకు తిప్పుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు అలాంటి ప్రతి మలుపులోనూ ‘కుడి, కుడి’ అని అనాలి. భార్యాభర్తల మధ్య దీని గురించి తగాదా రాకుండా ముందే ఒప్పందం చేసుకోవడం మంచిది. ఇంకొకటి, ఇండికేటరు అక్కడ ఎడమచేతి వైపు ఉంటుంది. మన మారుతీలకూ హ్యుందాయ్‌లకూ అలవాటైన చెయ్యి కుడి కాడను నొక్కుతుంది. ఫెళ్ళున కాసే ఎండలో ఒక కారు వైపర్లు ఊపుకుంటూ మలుపు తిరుగుతుంటే, నడిపేది మనవాళ్ళే అయి ఉండాలి. అందుకే తొలిరోజు కారు తీసుకోగానే ఒక సూపర్‌మార్కెట్ పార్కింగులో పావుగంట తిరగండి.

రౌండ్ అబౌట్‌లో లోపల తిరుగుతున్నవాళ్ళదే ముందు హక్కు. వాళ్ళు మనకు ఎడమవైపు నుంచి వస్తారు. బోర్డు ఏదీ లేని కూడలిలో మాత్రం కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. అది చిన్న సందైనా సరే, సైకిలైనా సరే. పసుపుపచ్చ డైమండు బోర్డు కనబడితే ఆ రోడ్డు మీద దారి మనదే. ఊళ్ళల్లో 50, చాలా వీధుల్లో 30. కెమెరాలు దాక్కుని ఉంటాయి. ఆటోబాన్ మీద బళ్ళు ఆగిపోయాయంటే, ఎడమ వరుసలో ఉన్నవాళ్ళు ఎడమ అంచుకు, మిగతావాళ్ళు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు సందు వదులుతారు. ఎవరూ చెప్పకుండానే జరుగుతారు. మీరూ జరగండి.

పెట్రోలు బంకులో పోసేవాళ్ళు ఉండరు. పైపు మనమే తీసి పెట్టుకోవాలి. ఫ్రాన్స్‌లో డీజిలును ‘గజోల్’ అని రాస్తారు, చూసి ఇదేదో గ్యాసులా ఉందనో పెట్రోలనో అనుకునే ప్రమాదం ఉంది. దీనికి 2018లో ఒక మంచి ఏర్పాటు చేశారు. యూరప్ బంకుల్లో పెట్రోలుకు గుండ్రటి గుర్తు, లోపల ఈ5 అనో ఈ10 అనో ఉంటుంది. డీజిలుకు చతురస్రం, లోపల బీ7. అదే గుర్తు కొత్త కార్లలో ట్యాంకు మూత దగ్గర కూడా ఉంటుంది. భాష రాకపోయినా ఫరవాలేదు, రెండు బొమ్మలూ ఒకటేనా అని చూసుకుంటే చాలు.

పార్కింగుకు ఇంకో చిన్న వస్తువుంది, నీలం రంగు అట్ట. దాని మీద తిప్పే చక్రం, గంటల అంకెలూ ఉంటాయి. కొన్నిచోట్ల రెండు గంటలు ఉచితం అని బోర్డు పెట్టి, వచ్చిన సమయం ఈ అట్ట మీద చూపించమంటారు. జర్మనీలో దాని లెక్క తమాషాగా ఉంటుంది, వచ్చిన తర్వాతి అరగంటకు తిప్పాలి. రెండూ పదికి వస్తే ముల్లు రెండున్నర మీద పెట్టి, అట్టను ముందు అద్దం వెనక ఉంచి పోవాలి. అంటే ఇరవై నిమిషాలు వాళ్ళే దానం చేస్తున్నారన్న మాట. అద్దె కారు డాష్‌బోర్డులో ఈ అట్ట సాధారణంగా ఉంటుంది. లేకపోతే బంకులో దొరుకుతుంది.

బస మారే రోజు ఆదివారం పెట్టుకోండి. జర్మనీలో ఆదివారం రాత్రి పది దాకా పెద్ద లారీలు రోడ్డెక్కడానికి వీల్లేదు. అందుకని దారంతా ప్రశాంతంగా ఉంటుంది. అయితే ఆ రోజు దుకాణాలు కూడా మూసేస్తారు. పాలు, పెరుగు, కూరగాయలు శనివారం సాయంత్రానికే కొని పెట్టుకోవాలి.

కారు తీసుకున్నాక మొదటి బస అల్సాస్‌లో. ద్రాక్షతోటల మధ్యగా మార్లెన్‌హైమ్ నుంచి టాన్ దాకా 170 కిలోమీటర్ల దారి ఉంది, 1953 నుంచి వైన్ దారి అని పేరు. వైను తాగనివాళ్ళకూ ఆ దారి సొంపే. మొత్తం పూర్తి చేయాలన్న పట్టుదల అక్కర్లేదు. కోల్మార్ పక్క ఊరు ఎగిషైమ్. వీధులు గుండ్రంగా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి, నడుస్తూ పోతే బయల్దేరిన చోటికే వస్తాం. ఊరి బయటే కారు ఆపాలి. రాళ్ళు పరిచిన నేల, మెత్తటి అడుగున్న బూట్లు లేకపోతే గంటలో పాదాలు వాస్తాయి. కేసర్స్‌బెర్గ్ అనే ఊళ్ళో వైద్యుడు ఆల్బర్ట్ ష్వైట్జర్ పుట్టాడు. కోల్మార్‌లోనే అమెరికా స్వేచ్ఛా విగ్రహం రూపొందించిన బార్తోల్డి పుట్టాడు. అక్కడి ఉంటర్‌లిండెన్ మ్యూజియంలో చిత్రకారుడు గ్రూనెవాల్డ్ 1512 నుంచి 1516 మధ్య గీసిన ఇజెన్‌హైమ్ చిత్రపటాలు ఉన్నాయి. రోగులను చూసుకునే మఠం కోసం గీసినవవి. శిలువ మీది క్రీస్తు ఒంటి నిండా పుళ్ళే. ఎదురుగా కాసేపు నిలబడండి, మిగతా గదులు చూడకపోయినా ఫరవాలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేవి అక్కడి స్టార్కు కొంగలు. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్ళు. చర్చి కప్పు మీద, పొయ్యిగొట్టం మీద బండిచక్రమంత గూడు. 1970లలో అల్సాస్ మొత్తంలో పది జంటలైనా మిగల్లేదు. పెంచి, వదిలి, మళ్ళీ పెంచి వందల జంటలకు తెచ్చారు. ఉప్పలపాడులోనో తేలినీలాపురంలోనో చెట్ల నిండా పక్షులను చూసినవాళ్ళకు ఇవి ఏమంత కొత్త కావు గాని, ఊరి నడిబొడ్డున, ఇంటి కప్పు మీద కాపురం ఉండటం వింత. వాటికి గొంతు లేదు. ఒక పక్షి గూటికి తిరిగి రాగానే రెండూ మెడలు వెనక్కి వాల్చి ముక్కులు టకటక కొట్టుకుంటాయి. చూడటానికి టికెట్టు లేదు, మెట్లు లేవు, ఒక బెంచీ ఉంటే చాలు. పది దేశాల బస్సుకు ఆ బెంచీ దగ్గర స్టాపుండదు.

అక్కణ్ణించి నది దాటి బ్లాక్ ఫారెస్ట్‌కు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటిలో తాత్కాలిక తనిఖీలు మొదలుపెట్టింది కాబట్టి, పక్క ఊరే కదా అని పాస్‌పోర్టులు గదిలో వదిలి పోవద్దు. టిటిసే, హింటర్‌జార్టెన్ లాంటి ఊళ్ళలో బస చేస్తే ఇంటివాళ్ళు కోనుస్ అని ఒక గెస్టు కార్డు ఇస్తారు. ఆ కార్డు చూపిస్తే ఆ ప్రాంతమంతా బస్సులూ మామూలు రైళ్ళూ ఉచితం. నిజానికి మనం కట్టే బస పన్నులో ఆ డబ్బు కలిసే ఉంటుంది. అన్ని ఊళ్ళూ అందులో లేవు, గది తీసుకునే ముందే అడగండి. కారు ఇంటి ముందు పెట్టి, లోయలోంచి దిగే రైల్లో ఫ్రైబుర్గ్ పోయి సంతలో పళ్ళు కొనుక్కుని రావచ్చు. డ్రైవింగు చేసే మనిషి కిటికీలోంచి బయటికి చూసేది అలాంటి రోజే.

కొండ ఎక్కాలనుంటే షావిన్స్‌లాండ్ ఉంది. 3.6 కిలోమీటర్ల కేబుల్ కారు, కొండ ఎత్తు 1,284 మీటర్లు. టూరువాళ్ళు పెద్దవాళ్ళను కూడా స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యోక్‌కు, అంటే 3,454 మీటర్లకు ఒక్క పూటలో తీసుకుపోతారు. గుండె జబ్బున్నవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టరునడగకుండా ఎక్కాల్సిన చోటు కాదది. ఆస్ట్రియాలో గ్రాస్‌గ్లాక్నర్ రోడ్డు కూడా అంతే. 36 హెయిర్‌పిన్ మలుపులు. ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది, ఫోటోల్లోనే చూడండి. ఇంకోమాట, బ్లాక్ ఫారెస్ట్ కేకులో చెర్రీ సారా కలుపుతారు. మందు ముట్టనివాళ్ళు ఆపిల్ కేకు అడగండి.

చివరి బస కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున, మేర్స్‌బుర్గ్‌లో. అక్కణ్ణించి కార్లు ఎక్కించుకునే పడవలో పావుగంటలో కోన్‌స్టాంజ్ చేరతారు. 1928 నుంచి నడుస్తోంది. మైనావ్ అనే పూలదీవి ఆ పక్కనే, వంతెన మీదుగా నడిచి పోవచ్చు. రైన్ జలపాతం చూడాలంటే స్విట్జర్లాండ్‌లోకి వెళ్ళాలి. 150 మీటర్ల వెడల్పు, 23 మీటర్ల ఎత్తు. అక్కడి మోటార్‌వేలకు ఏడాది స్టిక్కరు 40 ఫ్రాంకులు. ఒక్క పూట కోసం అంత దండగ. మామూలు రోడ్ల మీద పోతే అది అక్కర్లేదు. ఫోనులో దారి పెట్టేటప్పుడు ‘మోటార్‌వే వద్దు’ అని ఎంచుకోండి. ఆ ఫోను గురించే ఇంకొకటి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. కొన్ని సిమ్ ప్యాకులు అక్కడ పనిచెయ్యవు. సరస్సు ఒడ్డున కూర్చుంటే ఫోను దానంతటదే ఆవలి ఒడ్డు టవరును పట్టుకుని బిల్లు లాగుతుంది.

వేళ కూడా చెప్పాలి. మే, జూన్, లేదా సెప్టెంబరు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురే, చీకట్లో నడపాల్సిన అవసరం రాదు. శుక్లాలు మొదలైన కళ్ళకు ఎదురు లైట్లు పడవు.

ఇప్పుడు ఎవరూ బయటికి చెప్పుకోని సంగతి, టాయిలెట్టు. బీపీకి నీళ్ళ మాత్ర వేసుకునేవాళ్ళు పొద్దున్నే మాత్ర వేసుకుని కారెక్కితే గంటగంటకూ దిగాలి. ఆ మొహమాటానికి నీళ్ళు తాగడం మానేస్తారు, మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతాయి. మాత్ర ఏ వేళకు వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టరునడిగి రాయించుకోండి, సొంతంగా మార్చకండి. జర్మనీ హైవే పక్కన టాయిలెట్టుకు సాధారణంగా ఒక యూరో, ఇచ్చే చీటీని అక్కడి దుకాణంలో వాడుకోవచ్చు. ఫ్రాన్స్ హైవేల విశ్రాంతి స్థలాల్లో ఉచితం. పల్లె దారిలో కాఫీ హోటలే దిక్కు. ఒక కాఫీ చెప్పి అడగాలి. జేబులో ఎప్పుడూ చిల్లర ఉండాలి.

మందులు అన్ని రోజులకూ సరిపడా చేతిసంచిలో ఉండాలి. మన బ్రాండు పేర్లు అక్కడి ఫార్మసీలకు తెలియవు, చాలా మందులు చీటీ లేకుండా ఇవ్వరు. అందుకని మందు అసలు పేరుతో ప్రిస్క్రిప్షను తీసుకోండి. ఇన్సులిన్ వేళలు ఆ మూడున్నర గంటల తేడాకు ఎలా జరపాలో కూడా దానిమీదే రాయించండి. వీసాకు 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీమా ఫారంలో షుగరు, గుండె స్టెంటు దాచకండి. దాచిన జబ్బుకు క్లెయిము రాదు. వీసా ఫీజు 90 యూరోలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, ఇక్కడైతే జర్మనీకి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. ఏదైనా జరిగితే ఫోన్ నంబరు 112, ఈ దేశాలన్నిటికీ ఒకటే.

బసకు హోటలు కన్నా వంటిల్లున్న చిన్న అపార్టుమెంటు మేలు. రాత్రి పూట అన్నం వండుకుని కందిపొడి కలుపుకుంటే పొట్టకు హాయి. ఇల్లు ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎన్నో అంతస్తు? లిఫ్టు ఉందా? స్నానానికి తొట్టా, నేరుగా నడిచి వెళ్ళే షవరా? పాత కట్టెల ఇళ్ళు చూడముచ్చటగా ఉంటాయి, మెట్లు నిచ్చెనల్లా ఉంటాయి. తొట్టి అంచు దాటబోయి జారితే ప్రయాణం అక్కడితో సరి.

పెట్టెలో ఏం పెట్టుకోవాలన్నది ఇంట్లో పెద్ద చర్చే. ఆవకాయ, పొడులు, ఉప్మా రవ్వ సరే. మాంసం, పాలు, వాటితో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి తేకూడదు. నెయ్యి, పాలకోవా, కోడిపచ్చడి అన్నీ ఆ నిషేధంలోకే వస్తాయి. కొడుక్కిష్టమని గోంగూర మటను పచ్చడి సీసా మోసుకెళ్తే కస్టమ్స్‌వాళ్ళు చెత్తబుట్టలో వేస్తారు. రొయ్యల పచ్చడికి మాత్రం ఆ నిషేధం లేదు. తల్లులకు అది కొంత ఊరట.

తిరుగు ప్రయాణానికి ముందురోజు, ఆఫీసు తెరిచి ఉండే వేళ చూసుకుని ఫ్రైబుర్గ్‌లోనే కారు అప్పగించండి. వేరే దేశంలో వదిలితే భారీగా పడుతుంది. ట్యాంకు నింపి, బంకు రసీదు దాచుకుని, కారు నాలుగు వైపులా, లోపల మీటరుకూ ఫోటోలు తీయండి. అప్పగించినట్టు సంతకం తీసుకోండి. స్పీడు కెమెరా జరిమానాలు అద్దె కంపెనీ ద్వారా మన ఇంటి చిరునామా కనుక్కుని మెల్లగా వస్తాయి, కంపెనీ తన రుసుము ముందే కార్డులోంచి తీసుకుంటుంది. కాబట్టి ఆ కాగితాలు, ఫోటోలు ఓ ఏడాదిపాటు పారేయకండి.